ఎత్తైన మైదానాల్లో ఆడే మైనర్ లీగ్ బ్యాటర్లను అంచనా వేయడం ఎలా?

ప్రతి జూన్‌లోనూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఆల్బుకర్కీలో ఫలానా కుర్రవాడు .340 సగటుతో కొడుతున్నాడు, హోమ్ రన్లు అప్పుడే పదిహేను దాటాయి, ఇతన్ని మా ఫ్యాంటసీ జట్టులోకి తీసుకోవచ్చా?" ఆల్బుకర్కీ ఉన్న చోట ఒక ఏడాది రీనో ఉంటుంది, ఇంకో ఏడాది అమరిల్లో ఉంటుంది, మిగతా ప్రశ్నంతా మారదు. ఇవన్నీ అమెరికాలో బేస్‌బాల్ మేజర్ లీగ్‌కు కింది మెట్లైన మైనర్ లీగ్ జట్లున్న ఎత్తైన ఊళ్లు. .340 అంటే బ్యాటర్ నూరు ప్రయత్నాల్లో ముప్పై నాలుగు సార్లు హిట్ కొట్టాడని అర్థం. అడిగేవారిలో ఎక్కువమంది డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మనవాళ్లు. ఆఫీసువాళ్లతో కలిసి ఏళ్ల తరబడి నడిచే ఫ్యాంటసీ లీగుల్లో (నిజమైన ఆటగాళ్లను ఎంచుకుని, వాళ్ల అంకెలతో పోటీపడే ఆటలో) చేరి, వారాంతాల్లో పిల్లలను వెంటబెట్టుకుని అక్కడి మైనర్ లీగ్ జట్టు రఫ్‌రైడర్స్ ఆట చూసివచ్చేవారు. నిజానికి క్రికెట్ చూస్తూ పెరిగినవారికి ఈ సందేహం కొత్తది కాదు. బెంగళూరు చిన్నస్వామిలో చేసిన ఎనభై పరుగులనూ చెన్నై చెపాక్‌లో చేసిన ఎనభై పరుగులనూ మనం ఒకే తక్కెడలో వేయం. అక్కడ ఆ లెక్కను కంటితో చూసి వేసేస్తాం, బేస్‌బాల్‌లో దానికి కావలసిన అంకెలు బయట దొరుకుతాయి కనుక కాగితం మీదే వేసుకోవచ్చు.

ఈ వ్యవహారంలో వాపును చూసి బలుపు అనుకునేవారు కొందరైతే, ఆ భయంతో అసలైన బలుపును కూడా వాపేనని కొట్టిపారేసేవారు మరికొందరు. నా అనుభవంలో రెండో రకం పొరపాటే ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే అది తెలివైనవారు చేసే పొరపాటు. కార్లోస్ కొరెయా 2014లో కాలిఫోర్నియా లీగ్‌లోని ల్యాంకాస్టర్‌లో 62 ఆటల్లో .325 కొట్టాడు. ఎడారి గాలి బంతిని బయటికి మోసుకుపోయే ఆ మైదానాన్ని సాకుగా చూపి అతన్ని పక్కన పెట్టినవారు, మరుసటి ఏడాది అతను అమెరికన్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికైనప్పుడు నాలుక కరచుకోవలసి వచ్చింది.

సిద్ధాంతం గురించి తెలుసుకోవలసింది కొంచెమే. సముద్రమట్టానికి 5,000 అడుగుల ఎత్తున గాలి సాంద్రత దాదాపు ఏడో వంతు తగ్గుతుంది. దానివల్ల గాలిలోకి లేచిన బంతి మరింత దూరం పోతుంది, పిచర్ వేసే కర్వ్ బాల్, స్లైడర్ వంటి బంతులు తిరగవలసినంత తిరగవు. ఇక అంత దూరం పోయే బంతులను ఆపడానికి కంచెలను వెనక్కి జరుపుతారు కనుక ఔట్‌ఫీల్డ్ విశాలమై, ఫీల్డర్ల మధ్య ఖాళీలు పెరిగి, హోమ్ రన్ కాని మామూలు హిట్లు కూడా ఎక్కువవుతాయి. ఈ మూడోదాన్ని చాలామంది మరచిపోతారు. ఎత్తు అనగానే అందరి మనసూ హోమ్ రన్ల మీదికే పోతుంది గాని, బ్యాటింగ్ సగటును ఎక్కువగా ఉబ్బించేది ఈ ఖాళీలే.

మీకు కావలసినవి

- ఆ బ్యాటర్ సొంత మైదానం ఎంత ఎత్తున ఉందో తెలిసి ఉండాలి. ఆల్బుకర్కీ సుమారు 5,100 అడుగులు, రీనో 4,500, ఎల్ పాసో 3,700, డబుల్-ఎ స్థాయిలో (మేజర్ లీగ్‌కు రెండు మెట్లు కింద) అమరిల్లో 3,600, లాస్ వేగస్ జట్టు 2019 నుంచి ఆడుతున్న సమ్మర్లిన్ మైదానం సుమారు 3,000. సాల్ట్ లేక్ జట్టు ఉండే లోయ 4,000 అడుగులకు పైమాటే. పాత రికార్డులు చూసేవారు కొలరాడో స్ప్రింగ్స్‌ను కూడా గుర్తుంచుకోవాలి. 2018 దాకా ట్రిపుల్-ఎ (మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద) ఆట జరిగిన ఆ మైదానం ఎత్తు దాదాపు 6,500 అడుగులు.
- బ్యాటర్ ఆడిన ప్రతి ఆటకూ వేరువేరుగా వివరాలు ఇచ్చే గేమ్ లాగ్ కావాలి. మైనర్ లీగ్ అధికారిక సైట్‌లో ఆటగాడి పేజీలో అది ఉచితంగా దొరుకుతుంది.
- అదే ఏడాది, అదే లీగ్ మొత్తం సగటులు కావాలి. పోయిన ఏడాదివి పనికిరావు.
- మైదానానికి కనీసం మూడేళ్ల పార్క్ ఫ్యాక్టర్లు (ఆ మైదానం పరుగులను ఎంత పెంచుతుందో, తగ్గిస్తుందో చెప్పే అంకెలు) ఉండాలి. దొరకకపోతే ఎలా లెక్కించాలో నాలుగో మెట్టులో చెప్పాను.
- ట్రిపుల్-ఎ బ్యాటర్ అయితే బేస్‌బాల్ సావంట్ సైట్‌లో బంతి బ్యాటును వదిలిన వేగాల వివరాలు చూసుకోవచ్చు. 2023 నుంచి ట్రిపుల్-ఎ ఆటలన్నిటికీ ఇవి అందరికీ అందుబాటులో ఉన్నాయి. డబుల్-ఎ స్థాయికి అటువంటివి బహిరంగంగా లేవు.
- ఒక ఎక్సెల్ షీటు, ఒక గంట తీరిక. అంతకు మించి అక్కరలేదు.

1. ముందు మైదానాన్ని చూడండి, తరువాత మనిషిని చూడండి

ఎత్తు ఒక్కటే మైదానాన్ని బ్యాటర్ల పక్షాన నిలపదు. ల్యాంకాస్టర్ ఎత్తు 2,400 అడుగులకు మించదు, కాని 2020 తరువాత మూతపడేదాకా అది దేశంలోనే అతి సులువైన మైదానాల్లో ఒకటిగా పేరుపడిందంటే కారణం అక్కడి గాలి. నార్త్ కరొలైనాలోని ఆష్‌విల్‌లో కుడివైపు గీత వెంబడి కంచె 297 అడుగుల దూరంలోనే ఉంటుంది, దాని మీద ఎత్తైన గోడ ఉంటుంది. అక్కడ ఎడమచేతి బ్యాటర్‌కు దక్కే లాభం కుడిచేతి బ్యాటర్‌కు దక్కదు. కాబట్టి మైదానం ఎత్తు, గాలి వాలు, కంచెల దూరం, బ్యాటర్ ఏ చేతివాటం అన్న నాలుగింటినీ ఒక వరుసలో రాసుకోండి.

జట్టు మైదానం మారిందేమో కూడా చూసుకోండి. సాల్ట్ లేక్ బీస్ 2025లో పాత మైదానాన్ని వదిలి సౌత్ జోర్డన్‌లోని కొత్త మైదానానికి వెళ్లారు. జట్టు పేరు అదే కదా అని పాత ఫ్యాక్టర్‌ను కొత్త అంకెలకు తగిలిస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

2. అంకెలను రెండు బుట్టల్లోకి విడదీయండి

మొదటి బుట్టలో గాలి చేయి వేయగలిగినవి వేయండి: బ్యాటింగ్ సగటు, డబుల్స్, ట్రిపుల్స్ (ఒకే హిట్‌తో రెండు, మూడు బేస్‌లు చేరడం), హోమ్ రన్లు, మైదానంలోకి కొట్టిన బంతుల్లో హిట్లుగా మారినవి ఎన్నో చెప్పే బాబిప్. రెండో బుట్టలో బ్యాటర్ తనతో పాటు మోసుకుపోయేవి వేయండి: వాక్‌ల శాతం (నాలుగు చెడ్డ బంతులు పడి ఉచితంగా మొదటి బేస్ దక్కడం), స్ట్రైకౌట్ల శాతం (మూడు స్ట్రైక్‌లతో ఔటవడం), బంతి బ్యాటును వదిలిన వేగం, స్ట్రైక్ జోన్ (బంతి పడవలసిన హద్దు) బయట పడే బంతులకు ఎంత తరచుగా బ్యాటు ఊపుతున్నాడన్నది.

ఈ విభజన ఎందుకు పనిచేస్తుందో జాక్ పీడర్సన్‌ను చూస్తే తెలుస్తుంది. 2014లో, ఆల్బుకర్కీ జట్టు అప్పటికి లాస్ ఏంజెలస్ మేజర్ లీగ్ జట్టు డాడ్జర్స్ చేతిలో ఉండగా, అతను అక్కడ .303 సగటుతో 33 హోమ్ రన్లు కొట్టి, 30 బేస్‌లు దొంగిలించి (హిట్ లేకుండానే తరువాతి బేస్‌కు పరుగెత్తి చేరుకుని), ఆల్బుకర్కీ ఆడే పసిఫిక్ కోస్ట్ లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. మరుసటి ఏడాది లాస్ ఏంజెలస్‌లో అతని సగటు .210కి జారింది. మొదటి బుట్ట మాత్రమే చూసినవారికి ఇది పతనంగా కనిపించింది. రెండో బుట్ట చూడండి: ఆల్బుకర్కీలో 553 ప్లేట్ అపియరెన్స్‌లలో (బ్యాటింగ్‌కు దిగిన సార్లలో) 100 వాక్‌లు, 149 స్ట్రైకౌట్లు, లాస్ ఏంజెలస్‌లో 585లో 92 వాక్‌లు, 170 స్ట్రైకౌట్లు. అంటే వాక్‌లు 18 శాతం నుంచి 16కు తగ్గాయి, స్ట్రైకౌట్లు 27 శాతం నుంచి 29కి పెరిగాయి, అంతే. మనిషి మారలేదు, అతని చుట్టూ ఉన్న గాలి మారింది. .210 కొట్టిన ఆ ఏడాదే అతను 26 హోమ్ రన్లతో ఆల్-స్టార్ ఆటకు కూడా వెళ్లాడు.

*హెచ్చరిక:* రెండో బుట్టకు కూడా కొంత మసి అంటుకుని ఉంటుంది. కర్వ్ బాల్ సరిగా తిరగని చోట స్ట్రైకౌట్లు కొద్దిగా తగ్గుతాయి, కాబట్టి ఎత్తైన మైదానంలోని స్ట్రైకౌట్ శాతాన్ని ఉన్నదానికన్నా ఒకటి రెండు పాయింట్లు ఎక్కువగా చదువుకోవడం మంచిది. అలాగే ట్రిపుల్-ఎలో 2023లోనూ 2024 తొలి నెలల్లోనూ వారంలో కొన్ని ఆటలకు బాల్, స్ట్రైక్ నిర్ణయాలను అంపైర్ బదులు యంత్రమే చెప్పింది. ఆ కాలపు వాక్‌లను ముందు వెనుకల ఏడాదులతో నేరుగా పోల్చకండి.

3. లీగ్ సగటు పక్కన పెట్టి చూడండి

పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో .300 అన్నది తూర్పున ఇంటర్నేషనల్ లీగ్‌లోని .300తో సమానం కాదు, ఎందుకంటే మొదటిదానిలో ఎత్తైన మైదానాలు ఎక్కువ కనుక లీగ్ మొత్తమే పైకి లేచి ఉంటుంది. డబ్ల్యూఆర్‌సీ ప్లస్ అనే కొలత ఈ లీగ్ తేడాను సర్దుతుంది. 100 అంటే లీగ్ సగటు బ్యాటర్ అని అర్థం. అయితే ఫ్యాన్‌గ్రాఫ్స్ సైట్‌లో మైనర్ లీగ్ ఆటగాళ్లకు చూపే ఈ అంకె లీగ్‌ను మాత్రమే సర్దుతుంది, మైదానాన్ని సర్దదు. మేజర్ లీగ్ ఆటగాళ్ల అంకెలో రెండూ ఉంటాయి కనుక ఇక్కడ కూడా ఉంటాయని అనుకోవడం నేను చూసిన పొరపాట్లన్నిటిలోకీ సర్వసాధారణమైనది.

లీగ్ సగటు ఎందుకు ఆ ఏడాదిదే కావాలో నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. 2019లో ట్రిపుల్-ఎ లీగులు మేజర్ లీగ్ వాడే బంతికి మారాయి, ఒక్క ఏడాదిలో హోమ్ రన్లు సగానికి పైగా పెరిగాయి. నేను మూడేళ్ల పార్క్ ఫ్యాక్టర్లను శ్రద్ధగా సర్ది, లీగ్ సగటుకు మాత్రం 2018ది వాడి, ఒక బ్యాటర్‌ను గొప్ప బలశాలిగా తేల్చాను. పేరెందుకు గాని, ఆ ఏడాది ఆ లీగ్‌లో సగం మంది అతనంత బలశాలులే.

4. పార్క్ ఫ్యాక్టర్‌ను సగం చేసి వాడండి

ఫ్యాక్టర్ దొరకకపోతే మీరే కట్టవచ్చు. జట్టు సొంత మైదానంలో జరిగిన ఆటల్లో రెండు జట్లూ కలిపి ఆటకు సగటున ఎన్ని పరుగులు చేశాయో చూసి, దాన్ని అదే జట్టు బయట ఆడిన ఆటల్లో రెండు జట్లూ కలిపి చేసిన సగటుతో భాగించండి. ప్రత్యర్థి పరుగులను కూడా కలపడం తప్పనిసరి. లేకపోతే మీరు కొలిచేది మైదానాన్ని కాదు, ఆ జట్టు బ్యాటర్లను. ఇదే పద్ధతిలో హోమ్ రన్లకు విడిగా, బాబిప్‌కు విడిగా ఫ్యాక్టర్ కడితే ఇంకా మేలు, ఎందుకంటే ఒకే మైదానం హోమ్ రన్లను ఒక మేరకు, హిట్లను మరో మేరకు పెంచవచ్చు.

వచ్చిన అంకెను ఆటగాడి మొత్తం గణాంకాలకు నేరుగా వాడకూడదు, ఎందుకంటే అతను ఆ మైదానంలో ఆడేది సగం ఆటలే. ఫ్యాక్టర్ 1.24 వస్తే దానికి 1 కలిపి రెండుతో భాగించి 1.12గా వాడండి. ఈ సగం చేయడం మరచిపోతే బ్యాటర్‌కు రెట్టింపు శిక్ష వేసినట్టు అవుతుంది.

ఒక ఏడాది ఫ్యాక్టర్‌ను నమ్మకండి. టెక్సస్ వసంతపు గాలులు ఒక ఏడాది బంతిని లోపలికి నెడితే, ఇంకో ఏడాది బయటికి మోస్తాయి. బంతులను తేమ గదిలో నిల్వ చేయడం మొదలుపెట్టినా అంకెలు మారతాయి. డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్‌లో ఆ పద్ధతి 2002 నుంచి ఉంది, మేజర్ లీగ్ మైదానాలన్నిటికీ 2022లో వచ్చింది. ఎత్తైన ఊళ్లలో చాలావరకు పొడి గాలే ఉంటుంది, పొడిబారిన బంతి బ్యాటు మీద నుంచి మరింత చురుగ్గా ఎగురుతుంది కనుక, మీరు చూస్తున్న మైదానంలో తేమ గది ఉందో లేదో, ఉంటే ఎప్పటినుంచి ఉందో కనుక్కోవడం మంచిది.

5. "బయటి ఆటలు" అన్న వరుసను విప్పి చూడండి

నిదానంగా చేయవలసిన మెట్టు ఇది. చాలామంది ఇంటి అంకెలను కొట్టివేసి, బయటి అంకెలే బ్యాటర్ అసలు సత్తా అని తేల్చేస్తారు. వినడానికి సబబుగానే ఉంటుంది గాని, పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో అది నిలవదు. ఆ లీగ్‌లో పది జట్లు ఉంటే ఆల్బుకర్కీ, రీనో, సాల్ట్ లేక్, ఎల్ పాసో, లాస్ వేగస్ అనే అయిదూ ఎత్తున ఉన్నవి. సాక్రమెంటో, టకోమా, రౌండ్ రాక్, షుగర్ ల్యాండ్, ఓక్లహోమా సిటీ అనే అయిదూ కిందివి. ఆల్బుకర్కీ బ్యాటర్ రీనోకు వెళ్లి కొట్టిన హోమ్ రన్ "బయటి" ఖాతాలోనే పడుతుంది. పైగా 2021 నుంచి ఒక్కో ఊరిలో వరుసగా ఆరు ఆటలు ఆడుతున్నారు కనుక, మే నెలాఖరుకు ఒక జట్టు బయటి ఆటలన్నీ ఎత్తైన ఊళ్లలోనే గడిచి ఉండటం అసాధ్యమేమీ కాదు.

అందుచేత గేమ్ లాగ్ తెరిచి, ప్రతి ఆటకూ ఎదురుగా మైదానం పేరు రాసి, మూడు వరుసలుగా కూడండి: సొంత మైదానం, బయటి ఎత్తైన మైదానాలు, బయటి కింది మైదానాలు. ఆటకు ఒక గీత చొప్పున చేత్తో చేసినా నలభై నిమిషాలకు మించి పట్టదు. మూడో వరుసే మీకు కావలసినది.

ఆ వరుస చిన్నదిగా ఉంటుందని ముందే తెలుసుకోండి. ఏడాది మొత్తంలో 75 బయటి ఆటలు ఉంటే అందులో సుమారు సగం, అంటే నూట యాభై చిల్లర ప్లేట్ అపియరెన్స్‌లు మాత్రమే కింది మైదానాల్లో దొరుకుతాయి. అంత కొద్ది సంఖ్యలో బ్యాటింగ్ సగటు చెప్పేది ఏమీ లేదు. గాలివాటుగా పడిన నాలుగు హిట్లు దాన్ని ముప్పై పాయింట్లు ఎత్తేస్తాయి. ఆ వరుసలో స్ట్రైకౌట్లు, వాక్‌లు మాత్రమే చదవండి. ఎత్తైన చోట్ల 22 శాతం స్ట్రైకౌట్ అయ్యే బ్యాటర్ కింది మైదానాల్లో 30 శాతం అవుతుంటే, బాగా తిరిగే బంతి అతన్ని ఇబ్బంది పెడుతోందేమోనని అనుమానించాలి. 22కు 24 అయితే అది తేడాయే కాదు. 150 ప్లేట్ అపియరెన్స్‌లలో అది మూడు స్ట్రైకౌట్లు, ఒక చెడ్డ సాయంత్రం.

*తిరగేసి కూడా చూడండి.* టకోమా, సాక్రమెంటో బ్యాటర్లకు ఇంటి అంకెలే కింది మైదానపు అంకెలు, బయటివే ఉబ్బినవి. వాళ్లను ఎవరూ అనుమానించరు, కాని రీనోలో ఆరు ఆటలు, ఆల్బుకర్కీలో ఆరు ఆటలు ఆడివచ్చిన వారం తరువాత వాళ్ల అంకెలకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది.

ఇంటి ఆటల్లో ఎవరైనా కాస్త బాగానే ఆడతారన్నది కూడా మరవకండి. సొంత మంచం మీద నిద్రపోవడం, తెలిసిన మైదానం, తెలిసిన వెలుతురు ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఇంటికీ బయటికీ ఉన్న తేడా మొత్తాన్నీ గాలి ఖాతాలో రాయడం అన్యాయం.

6. ఇప్పుడు లెక్క వేయండి

ఒక ఊహాజనిత బ్యాటర్‌ను తీసుకుందాం. ఆల్బుకర్కీలో 500 ప్లేట్ అపియరెన్స్‌లు, అందులో వాక్‌లు 60, కాబట్టి అధికారిక ఎట్-బ్యాట్‌లు 440. స్ట్రైకౌట్లు 110, అంటే 22 శాతం. హిట్లు 143, సగటు .325. వాటిలో హోమ్ రన్లు 24.

మొదట బాబిప్ కట్టండి. హోమ్ రన్లు కాని హిట్లు 119. ఎట్-బ్యాట్‌ల నుంచి స్ట్రైకౌట్లనూ హోమ్ రన్లనూ తీసేస్తే మైదానంలోకి కొట్టిన బంతులు 306. భాగిస్తే .389. మేజర్ లీగ్‌లో ఈ అంకె ఏటా .290, .300 ప్రాంతంలో ఉంటుంది, కాబట్టి .389 ఎవరికీ నిలిచేది కాదు. దీన్ని .320కి దించండి. అంతకన్నా కిందికి దించకండి, ఎందుకంటే బంతిని గట్టిగా కొట్టేవాడికీ, వేగంగా పరుగెత్తేవాడికీ కొంత అదనం న్యాయంగానే దక్కుతుంది. తరువాత హోమ్ రన్లను నాలుగో మెట్టులోని 1.12తో భాగించండి, 24 కాస్తా 21 అవుతాయి. ఇప్పుడు మైదానంలోకి కొట్టిన బంతులు 309, వాటిలో .320 చొప్పున హిట్లు 99, హోమ్ రన్లు కలిపి 120. సగటు .273.

చాలామంది ఇక్కడితో ఆగి ".325 కాదు, .273 బ్యాటర్" అని తేల్చుకుంటారు. ఇంకో మెట్టు దిగాలి. ఇది మామూలు మైదానంలో మైనర్ లీగ్ సగటు మాత్రమే. మేజర్ లీగ్ పిచర్ల ముందు స్ట్రైకౌట్లు నాలుగైదు పాయింట్లు పెరగడం సాధారణం. 27 శాతం అనుకుంటే 135 స్ట్రైకౌట్లు. హోమ్ రన్లు 18, బాబిప్ .300 అనుకుంటే మైదానంలోకి కొట్టిన బంతులు 287, హిట్లు 86, హోమ్ రన్లతో కలిపి 104. సగటు .236. గాలి తీసుకుపోయింది యాభై రెండు పాయింట్లైతే, మంచి పిచింగ్ తీసుకుపోయింది ముప్పై ఏడు. ఈ రెండింటినీ కలిపి మైదానం మీదే నెట్టేయడం వల్లనే ఎత్తైన మైదానాల నుంచి వచ్చినవారందరూ మోసమన్న అపప్రథ పుట్టింది. సముద్రమట్టం దగ్గర ఆడిన బ్యాటర్‌కు కూడా ఆ రెండో దెబ్బ తప్పదు.

ఈ ఉదాహరణ ఊహాజనితమే అయినా రూపం తెలిసినదే. రయన్ మెక్‌మాన్ 2017లో ఆల్బుకర్కీలో 70 ఆటల్లో .374 కొట్టాడు. తరువాత మేజర్ లీగ్‌లో అతని సగటు .240 దగ్గర స్థిరపడింది, స్ట్రైకౌట్లు బాగా పెరిగాయి. అయినా ఏడాదికి ఇరవై హోమ్ రన్లు, చక్కని ఫీల్డింగ్ కలిసి అతన్ని ఏళ్ల తరబడి జట్టులో నిలిపాయి, 2024లో ఆల్-స్టార్‌ను కూడా చేశాయి.

*ప్రత్యామ్నాయం:* ఇంత లెక్క వద్దనుకుంటే, అదే మైదానంలో, అదే ఏడాది, అదే జట్టుకు ఆడిన మిగతా బ్యాటర్లతో పోల్చండి. గాలి అందరికీ ఒకటే కదా. జట్టు మొత్తం .300 కొడుతుంటే మీవాడి .325 పెద్ద విశేషం కాదు.

7. బంతి బ్యాటును వదిలిన వేగం చూడండి

పలుచని గాలి బంతిని దూరం పంపగలదు గాని, గట్టిగా కొట్టించలేదు. అందుకే ట్రిపుల్-ఎ బ్యాటర్‌కు ఇది అన్నిటికన్నా శుభ్రమైన కొలత. సగటు వేగం కన్నా, అతను అతి గట్టిగా కొట్టిన పదో వంతు బంతుల వేగం ఎంతో చూడండి. అది గంటకు 105 మైళ్లు దాటితే బలం నిజమైనదే. 101 దగ్గర ఉండి హోమ్ రన్లు మాత్రం ఇరవై అయిదు ఉంటే, హోమ్ రన్లు ఒక్కొక్కటీ ఎంత దూరం పోయాయో, కంచె మీదుగా ఎంత ఎత్తున దాటాయో వీడియోలో చూడవలసిందే.

డబుల్-ఎలో ఈ అంకెలు లేవు కనుక కంటికే పని చెప్పాలి. ఫ్రిస్కోలో ఒక సాయంత్రం అమరిల్లో జట్టు బ్యాటర్ ఒకతను కుడి-మధ్య దిశగా బంతిని ఎత్తి కొట్టాడు. బ్యాటును నెమ్మదిగా నేల మీద వదిలి, రెండడుగులు నింపాదిగా వేశాడు, కొట్టిన చప్పుడు విని పక్కనున్న పిల్లలు కూడా లేచి నిలబడ్డారు. కుడి ఫీల్డర్ వెనక్కి నడిచి, కంచె ముందున్న మట్టి పట్టీ మీద ఆగి, గ్లవ్ ఎత్తి పట్టుకున్నాడు. ఫ్రిస్కో ఎత్తు ఏడు వందల అడుగుల చిల్లర. అదే బంతి అమరిల్లోలో మరో పది పదిహేను అడుగులు పోయి కంచె దాటేది, అతని ఖాతాలో ఒక హోమ్ రన్ పడేది. అతని ఇంటి హోమ్ రన్ల వీడియోలు తరువాత చూశాను. సగానికి పైగా కంచెను రాసుకుంటూ పోయినవే.

8. వయసు, గమ్యం

ఇరవై ఒక్కేళ్లవాడి అంకెలూ ఇరవై ఎనిమిదేళ్లవాడి అంకెలూ ఒకేలా ఉంటే మొదటివాడినే తీసుకోండి. దీనికి వివరణ అక్కరలేదు.

గమ్యం సంగతి మాత్రం కొంచెం చెప్పాలి. ఆల్బుకర్కీ 2015 నుంచి కొలరాడో రాకీస్ జట్టుది. అక్కడి బ్యాటర్ పైకి వెళితే ఆడేది డెన్వర్‌లోనే, అదీ మైలు ఎత్తునే. ఫ్యాంటసీ కోసం అతన్ని చూస్తున్నవారు మైదానపు లాభం మొత్తాన్నీ తీసేస్తే తప్పు చేసినట్టే, ఎందుకంటే అందులో చాలాభాగం అతనితోనే పైకి వెళుతుంది. ఎల్ పాసో బ్యాటర్ వెళ్లేది శాన్ డియాగోలో సముద్రం పక్కకు. రీనోవాడు వెళ్లేది ఫీనిక్స్‌కు, 1,100 అడుగుల ఎత్తుకు. ఒకే లీగ్‌లో ఒకే అంకెలున్న ముగ్గురికి మూడు వేరువేరు జవాబులు వస్తాయి. ఆటగాడి అసలు సత్తా ఎంత అన్నది ఒక ప్రశ్న, అతను మీ జట్టుకు ఎన్ని పరుగులు తెస్తాడన్నది వేరే ప్రశ్న. ముందుగా ఏది అడుగుతున్నారో తేల్చుకోండి.

తరచుగా జరిగే మరికొన్ని పొరపాట్లు

ట్రిపుల్స్ ఎక్కువుంటే వేగం ఎక్కువనుకోవడం ఒకటి. ఆల్బుకర్కీ వంటి విశాలమైన ఔట్‌ఫీల్డ్‌లో నిదానస్తుడికి కూడా ట్రిపుల్స్ వస్తాయి. వేగం తెలియాలంటే దొంగిలించిన బేస్‌లు, దొరికిపోయిన సార్లు చూడాలి.

ఇప్పటికే మైదానాన్ని సర్దిన అంకెను తీసుకుని దాన్ని మళ్లీ సర్దడం ఇంకొకటి. ఏ సైట్ నుంచి ఏ అంకె తీసుకున్నా, అందులో ఏమేమి సర్దారో వివరణ పేజీలో చదివాకే షీటులో వేయండి.

ఎత్తైన మైదానంలో విఫలమైనవాడిని మైదానం కారణంగా క్షమించడం విచిత్రమైన పొరపాటు గాని, అది కూడా చూశాను. రీనోలో .240 కొట్టినవాడికి గాలి సాయం చేసిన తరువాతే ఆ .240 వచ్చిందని మరచిపోతారు.

అన్నీ సరిగానే చేసినా బోల్తాపడే సందర్భాలుంటాయి. బ్రాండన్ వుడ్ 2005లో ఎత్తైనది కాకపోయినా బ్యాటర్లకు అనువైన కాలిఫోర్నియా లీగ్‌లో 43 హోమ్ రన్లు కొట్టాడు, తరువాత సాల్ట్ లేక్‌లోనూ బాగానే ఆడాడు. మేజర్ లీగ్‌లో అతని మొత్తం సగటు .186, హోమ్ రన్లు 18. ఎంత మైదానపు సర్దుబాటు చేసినా అంత పతనాన్ని ఎవరూ ముందుగా చెప్పలేకపోయేవారు.

మీ అంచనా సరైనదేనా అని ఎలా పరీక్షించుకోవాలి

కొత్తవాళ్ల మీద ప్రయోగించే ముందు పాతవాళ్ల మీద ప్రయత్నించండి. మూడు నాలుగేళ్ల కిందటి ఆల్బుకర్కీ, రీనో జట్ల జాబితా తీసుకుని, కనీసం 300 ప్లేట్ అపియరెన్స్‌లు ఉన్నవారికి పైన చెప్పిన లెక్క వేసి, అంచనాలు రాసిన తరువాతే వాళ్లు మేజర్ లీగ్‌లో ఏం చేశారో చూడండి. ముందే చూస్తే మీకు తెలియకుండానే బాబిప్‌ను ఒకరికి .330కి, ఇంకొకరికి .300కి దించుతారు. తరువాత మేజర్ లీగ్‌కు చేరినవారిని మాత్రమే ఎంచుకోవడం కూడా తప్పే. చేరనివారే మీ పద్ధతికి అసలు పరీక్ష.

అంచనాల విలువను అంకెలతో కాక వరుసతో కొలవండి. .236 అని మీరు చెప్పినవాడు .250 కొట్టాడా అన్నది ముఖ్యం కాదు, మీరు మొదటి స్థానంలో పెట్టినవాడు చివరివాడికన్నా నిజంగా మెరుగ్గా ఆడాడా అన్నది ముఖ్యం.

ప్రస్తుత ఆటగాళ్ల విషయంలో ఎప్పుడు తీర్పు చెప్పాలో కూడా ఒక పద్ధతి ఉంది. స్ట్రైకౌట్ల శాతం అరవై ప్లేట్ అపియరెన్స్‌లకే కొంత నిలకడకు వస్తుంది, వాక్‌లకు నూట ఇరవై దాకా పడుతుంది, బాబిప్‌కు మాత్రం మైదానంలోకి కొట్టిన బంతులు ఎనిమిది వందలు దాటాలి, అంటే రెండేళ్లు. కాబట్టి పైకి వెళ్లిన బ్యాటర్ తొలి నెలలో .190 కొడుతున్నా, స్ట్రైకౌట్లూ వాక్‌లూ మీరు రాసిన అంచనాకు దగ్గరగా ఉంటే షీటు జోలికి వెళ్లకండి. స్ట్రైకౌట్లే పది పాయింట్లు ఎక్కువ వస్తుంటే మాత్రం అయిదో మెట్టుకు తిరిగివెళ్లి, కింది మైదానాల వరుసలో మీరు తేడా కాదని వదిలేసిన ఆ మూడు నాలుగు స్ట్రైకౌట్లను మళ్లీ లెక్కపెట్టండి.